బిందె ఎంతసేపటికి నిండుతుంది?

(మన ఉన్నత పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘విశ్వవిద్యాలయ చదువుల్లో సమాజసేవ, నాయకత్వం, సామాజిక న్యాయం’. పేరు పెద్దది. నేను ముప్పై ఏళ్లుగా పైపులు, పంపులు, వాల్వులతో బతుకుతున్న ఇంజనీరును. కాబట్టి నాకు తెలిసిన నీళ్ల దారిలోనే ఈ విషయం చెబుతాను. అందులో నా తప్పులు కూడా ఉన్నాయి. వాటిని దాచిపెట్టి చెబితే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

మన బడి వరండా చివర, వేపచెట్టు నీడలో రెండు మంచినీళ్ల కుండలు ఉండేవి. మా బ్యాచ్ వాళ్లకు, అంతకు ముందు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏడో తరగతిలో నన్ను నీళ్ల లీడరును చేశారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పరుగెత్తి ముంతతో ముంచి అందరికీ పోసేవాణ్ని. కొందరికి గ్లాసులో పోసేవాణ్ని. కొందరు దోసిలి పట్టేవాళ్లు, వాళ్లకు పైనుంచి పోసేవాణ్ని. ఎవరికి గ్లాసు, ఎవరికి దోసిలి అన్నది నాకెవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తెలుసు. ఏడాది చివర ఆ సేవకు నాకొక పెన్ను బహుమతిగా ఇచ్చారు. చాలా ఏళ్లు దాన్ని దాచుకున్నాను.

మూడేళ్ల కిందట మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ పెన్ను సంగతి గొప్పగా రాశాను. ఆ రాత్రి నా బెంచీ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. “నువ్వు బాగా పోసేవాడివిరా. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. గ్లాసు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఈ మాట సభలో చెప్పమన్నాడు, తన పేరు మాత్రం వద్దన్నాడు.

మేం తొమ్మిదికి వచ్చేసరికి మా సోషల్ మాస్టారు ఆ కుండలు తీయించి, సిమెంటు తొట్టి కట్టించి నాలుగు కొళాయిలు పెట్టించారు. దాని గురించి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. తాపీమేస్త్రీ వచ్చిన రోజు ఆరో తరగతిలో పొట్టి పిల్లలు నలుగురిని పిలిచి గోడ పక్కన నిలబెట్టారు. “మీకు ఎంత ఎత్తులో ఉంటే అందుతుందర్రా?” అని వాళ్లనే అడిగి, సుద్దముక్కతో గీత గీశారు. ఆ రోజు నుంచి నీళ్ల లీడరు ఉద్యోగం పోయింది. ఎవరి నీళ్లు వాళ్లు తాగారు. నాకు మనసులో కొంచెం బాధగా ఉండింది కూడా. పోసేవాడికి ఉండే పెద్దరికం పోయింది కదా!

నేను ఆ తర్వాత ఎన్నో డిజైన్లు చూశాను. ఆ సుద్దగీతకు సరితూగేవి కొన్నే. అది అప్పుడు తెలియలేదు. తెలియడానికి నాలుగున్నర లక్షల రూపాయలు, పదేళ్లు పట్టాయి. ఆ కథ ఇదీ.

మన పడమటి ప్రకాశం నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట వైద్యులు రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోవే. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు తాగవచ్చు అని మన భారత ప్రమాణాలు చెబుతాయి. మా ఊరి బోరు నీళ్లు నేను పరీక్ష చేయిస్తే నాలుగు దాటింది. పచ్చబడ్డ పళ్లతోనే మా తరమంతా గ్రూపు ఫోటోలు దిగింది. అందుకే మన పాత ఫోటోల్లో ఎవరూ నోరు తెరిచి నవ్వరు.

2010లో అమెరికాలోని మిత్రులం కొందరం చందాలు వేసుకుని ఊళ్లో ఆర్ఓ ప్లాంటు పెట్టించాం. నాలుగున్నర లక్షలు అయింది. రామాలయం పక్కన షెడ్డు, షామియానా, శిలాఫలకం మీద మా పేర్లు, రిబ్బను, కొబ్బరికాయ. ఇరవై నెలలు నడిచింది. తర్వాత దానికి తాళం పడింది. ఆ తాళం తుప్పు పట్టింది. శిలాఫలకం మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

2018 డిసెంబరులో మా అమ్మాయిని తీసుకుని ఊరొచ్చాను. తాను అప్పుడు ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ రెండో ఏడు. తాళం చూసి నన్ను ఒకటే ప్రశ్న అడిగింది. “నాన్నా, ఈ ప్లాంటు కావాలని మిమ్మల్ని ఎవరు అడిగారు?”

నాకు వెంటనే కోపం వచ్చింది. ఫ్లోరైడు లెక్కలన్నీ చెప్పాను. తాను విని, “లెక్కలు సరే. అడిగింది ఎవరు?” అంది మళ్లీ.

ఆ ప్రశ్న తనకు ఎక్కడ నేర్పారో చెప్పాలి. పర్డ్యూలో ఎపిక్స్ అనే కోర్సు ఉంది. సమాజసేవలో ఇంజనీరింగ్ ప్రాజెక్టులు అని దాని అర్థం. 1995లో లియా జేమీసన్, ఎడ్వర్డ్ కోయిల్ అనే ఇద్దరు ఎలక్ట్రికల్ విభాగం ప్రొఫెసర్లు ఐదు బృందాలతో, నలభై మంది విద్యార్థులతో మొదలుపెట్టారు. 2005లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీ ఇచ్చే గోర్డన్ ప్రైజు ఆ ఇద్దరికీ, విలియం ఓక్స్ అనే మరో ప్రొఫెసర్‌కూ కలిపి వచ్చింది. ఇది శ్రమదానం కాదు, సెలవుల్లో చేసే సేవా కాదు. మార్కులున్న చదువు. ఊళ్లో ఉన్న ఒక సేవాసంస్థతోనో బడితోనో జత కట్టి, వాళ్ల అవసరానికి పనికొచ్చే వస్తువు తయారు చేసి ఇవ్వాలి. ఒకే బృందంలో మొదటి ఏడాది వాళ్ల నుంచి చివరి ఏడాది వాళ్ల దాకా ఉంటారు. పెద్దవాళ్లు పట్టా పుచ్చుకుని వెళ్లినా కిందివాళ్లు పని అందుకుంటారు. సెమిస్టరు అయిపోతుంది కాని బృందం మిగులుతుంది.

మా అమ్మాయి బృందం వైకల్యం ఉన్న పిల్లలకు పనికొచ్చే పరికరాల మీద పనిచేసింది. మొదటి కొన్ని వారాలు వాళ్లు స్క్రూడ్రైవరు కూడా ముట్టుకోలేదు. వెళ్లడం, కూర్చోవడం, చూడటం, అడగడం, రాసుకోవడం. ‘దీనికా నేను ఫీజు కడుతున్నది?’ అని అప్పట్లో ఇంట్లో అన్నాను కూడా. వాళ్ల డిజైన్ పద్ధతిలో మెట్లు ఇలా ఉంటాయి. ముందు అవసరం గుర్తించడం, తర్వాత ఏమేం ఉండాలో తేల్చుకోవడం, ఆలోచన, వివరమైన డిజైన్, అప్పగించడం, ఆ తర్వాత మరమ్మతు, నిర్వహణ. నేను ప్లాంటు విషయంలో మొదటి మెట్టు ఎక్కలేదు, చివరి మెట్టు చూడలేదు. మధ్యలో ఉన్న డిజైనూ రిబ్బనూ మాత్రమే చేశాను.

ఇలాంటి చదువును అక్కడ సర్వీస్ లెర్నింగ్ అంటారు. చదువు, సేవ రెండూ ఒకదాని కోసం ఒకటి నడవాలని. ఈ మాట 1960లలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పుట్టింది. దాన్ని వాడుకలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన రాబర్ట్ సిగ్మన్ 1979లో మూడు సూత్రాలు రాశాడు. వాటి సారం నా మాటల్లో చెబుతాను. సేవ ఎలా ఉండాలో నిర్ణయించే పగ్గాలు ఆ సేవ పొందేవాళ్ల చేతిలో ఉండాలి. ఆ సేవ వల్ల వాళ్లు తమ పని తాము చేసుకోగల శక్తి పెంచుకోవాలి. సేవ చేసేవాళ్లు కూడా నేర్చుకునేవాళ్లే. ఈ మూడింటితో మా ప్లాంటును తూకం వేసి చూశాను. మూడింటిలోనూ తప్పింది.

ఆ మాట మీద మా అమ్మాయీ నేనూ ఊరి చివర మాలపల్లె, మాదిగపల్లె వైపు వెళ్లాం. మా ఊళ్లోనే పుట్టి పెరిగిన నేను ఆ పల్లెలో ఒక అరుగు మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఇంజనీరునై, అమెరికా వెళ్లి, యాభైకి దగ్గర పడి, మొదటిసారి!

అక్కడ నేను విన్నవి చెబుతాను. ప్లాంటు తెరిచేది పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఆడవాళ్లు కూలికి బయల్దేరేది ఆరుకు ముందే. ప్లాంటు ఉన్నది రామాలయం పక్కన. ఎవరూ వద్దనలేదు, కాని అక్కడ వరసలో నిలబడాలంటే ఇబ్బంది. ఆర్ఓ వదిలే వృథా నీళ్లు, అంటే ఫ్లోరైడూ ఉప్పూ ఇంకా ఎక్కువున్న నీళ్లు, కాలువలో పడి వచ్చి చేరేది వాళ్ల ఇళ్ల ముందుకే. ఇక మెంబ్రేను మార్చడానికి డబ్బు ఎవరిస్తారన్నది మేం ఆలోచించనే లేదు.

ఒక డ్వాక్రా గ్రూపు లీడరమ్మ చివర్లో అంది: “అన్నా, మాకు మిషను నీళ్లు కావాలని ఎవరన్నారు? సాగర్ నీళ్ల పైపు ఉండాది కదా. ఆ నీళ్లు మా దాకా రావట్లేదు. అది చూడండి చాలు.”

సాగర్ నీళ్లు కాలువ నీళ్లు, వాటిలో ఫ్లోరైడు బెడద ఉండదు. పైపు ఉంది, ట్యాంకు ఉంది. రోజు మార్చి రోజు గంటసేపు వదులుతారు. పైపు చివర ఉన్నది ఈ పల్లెలు. పై వీధుల వాళ్లు కొళాయికి మోటారు బిగించి లాగేస్తే చివరికి ఒత్తిడి ఉండదు. ఏ నీటి ఇంజనీరుకైనా ఇది మొదటి పాఠం. నేను నాలుగున్నర లక్షల డిజైను చేసేముందు ఆ పైపు వెంట నడిచి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది.

ఇక్కడ మన రాష్ట్రంలోని చదువుల సంగతికి వస్తాను. ఇది అమెరికా నుంచి దిగిన వింత అని అనుకోవద్దు. 1937లో వార్ధాలో గాంధీగారు ముందుకు తెచ్చిన నయీ తాలీం ఇదే దారిలోది. ఆయన శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో నలభై వేల మంది విద్యార్థులతో ఎన్.ఎస్.ఎస్. మొదలైంది. మనలో చాలామంది అందులో రెండేళ్లకు 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు చేసినవాళ్లమే. ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పాఠ్యప్రణాళికలోనే చేరింది. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఊళ్లోకి వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, సమస్య తెలుసుకుని, నివేదిక రాయాలి.

2022 వేసవిలో అలా ఐదుగురు డిగ్రీ విద్యార్థులు మా ఊరొచ్చారు. వాళ్లలో ఇద్దరు మన బడి పిల్లలే. నన్ను వీడియో కాల్‌లో సలహా అడిగారు. ఈసారి నేను డిజైను చెప్పలేదు. “మీ దగ్గర ఫోన్ ఉందిగా, అందులో స్టాప్‌వాచీ ఉంటుంది. ఒక పదిహేను లీటర్ల బిందె తీసుకుని, మొదటి వీధి నుంచి చివరి ఇంటి దాకా ప్రతి కొళాయి కింద పెట్టి ఎంతసేపటికి నిండుతుందో రాయండి” అన్నాను.

నీళ్లు వదిలిన నాలుగు రోజులు తిరిగి రాశారు. పై వీధి మొదట్లో బిందె యాభై సెకన్లలో నిండింది. పల్లె చివర ఏడు నిమిషాలు పట్టింది. కొన్నిసార్లు నిండకముందే నీళ్లు ఆగిపోయాయి. ఆ పిల్లలు ఊరి పటం గీసి, ఒక్కో కొళాయి దగ్గర ఆ సమయం వేశారు. సామాజిక న్యాయం గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఆ ఒక్క కాగితం నాకు ఎక్కువ చెప్పింది. అది గ్లాసూ దోసిలీ కథే. ఈసారి పోస్తున్నది పైపు.

గ్రామసభలో ఆ కాగితం చదవడానికి పిల్లలు బాగా తయారై వచ్చారు. చివరి నిమిషంలో వాళ్లే ఆగి, డ్వాక్రా లీడరమ్మను మాట్లాడమన్నారు. చేతికి కాగితం ఇవ్వబోతే ఆమె వద్దంది. “బిందె మోసేది నేను. నాకు కాగితం ఎందుకు?” అంది. నాయకత్వం నేర్పే కోర్సుల్లో మైకు పట్టుకోవడం నేర్పుతారని అనుకునేవాణ్ని. మైకు ఎప్పుడు ఇచ్చేయాలో ఆ ఐదుగురు పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలియదు గాని, ఆ రోజు వాళ్లకు నూటికి నూరు మార్కులు వేయాలి.

పంచాయతీ రెండు తీర్మానాలు చేసింది. పై వీధుల లైనుకు వేరే గేటు వాల్వు పెట్టి, మొదటి ఇరవై ఐదు నిమిషాలు నీళ్లు చివరి లైనుకే వదలాలి. కొళాయిలకు బిగించిన మోటార్లు తీసేయాలి. వాల్వుకూ దాని గుంతకూ కలిపి పద్దెనిమిది వేలు అయింది. పల్లె చివర బిందె ఒకటిన్నర నిమిషంలో నిండింది.

ఇంకో మాట చెప్పాలి. తీసేయాల్సిన మోటార్లలో మా ఇంటిది కూడా ఉంది. మా అన్నయ్య మూడు నెలలు నాతో ఫోన్లో మాట్లాడలేదు. “నువ్వు వేల మైళ్ల దూరంలో కూర్చుని మా ఇంటి కొళాయి కట్టిస్తావా?” అన్నాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. నీళ్లు తగ్గింది ఆయనకు, మంచిపేరు వచ్చింది నాకు. అన్నయ్య ఇక్కడే ఉన్నాడు, నాలుగో వరసలో. ఈ మాట సభలో చెప్పనా అని ముందే అడిగాను. “చెప్పుకో, ఊరందరికీ తెలిసిందేగా” అన్నాడు. చందా ఇవ్వడం సులువు. మన ఇంటి మోటారు తీయడం కష్టం. సేవకూ న్యాయానికీ తేడా అక్కడే నాకు అర్థమైంది.

కథ ఇక్కడితో సుఖాంతం అని ముగించవచ్చు. కాని కాలేదు. విద్యార్థుల నివేదిక బైండు అయింది, మార్కులు పడ్డాయి, వాళ్లు వెళ్లిపోయారు. 2023 వేసవిలో ట్యాంకులో నీళ్లు తగ్గాయి. వాల్వు తిప్పే మనిషి మారాడు. మోటార్లు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. కొలిచేవాళ్లు లేరు. లీడరమ్మ నాకు ఫోన్ చేసి, “బిందె మళ్లా ఐదు నిమిషాలు పడతా ఉండాది అన్నా” అంది. ఆ తర్వాతి బ్యాచ్ విద్యార్థులను వేరే ఊరికి పంపారు, మళ్లీ మొదటి నుంచి సర్వే చేయడానికి.

ఈ కోర్సుల్లో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. కోర్సుకు చివరి తేదీ ఉంటుంది, ఊరికి ఉండదు. 180 గంటలు విద్యార్థికి చాలు, పల్లెకు చాలవు. 1968లోనే ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు మెక్సికో పల్లెలకు సేవకు బయల్దేరిన అమెరికా విద్యార్థుల సభలో నిలబడి, మీరు రావద్దని వాళ్ల మొహం మీదే చెప్పాడు. అంత దూరం నేను వెళ్లను. రండి, కాని వచ్చి మళ్లీ రండి అంటాను. ఎపిక్స్‌లో నాకు నచ్చింది వాళ్ల ల్యాబులు కాదు, బృందం ఏళ్ల తరబడి నిలవడం. ఆ పనికి ల్యాబు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు.

అందుకే మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధి పోగైంది. స్వాగత తోరణం కట్టాలని కొందరు, డిజిటల్ క్లాసురూము అని కొందరు, బడిలో ఆర్ఓ ప్లాంటు అని మరికొందరు అంటున్నారు. ఆర్ఓ అన్నవాళ్లకు నా అనుభవం చెప్పాను. ఏదైనా కట్టండి, నా వాటా నేనిస్తాను. కాని నిర్ణయం తీసుకునే ముందు మూడు పనులు చేద్దాం.

మొదటిది, ఒక సమావేశం ఈ వేదిక మీద కాకుండా, పిల్లలు ఎక్కువమంది బడికి నడిచి వచ్చే ఆ చివరి పల్లెలో పెడదాం. మనం వినడానికి వెళదాం, చెప్పడానికి కాదు. రెండోది, దగ్గరి డిగ్రీ కళాశాలను అడిగి, ఐదేళ్ల పాటు ఏటా కమ్యూనిటీ సర్వీస్ విద్యార్థులను మన ఊళ్లకే పంపమందాం. ఒక బ్యాచ్ రాసిన పుస్తకం మన బడిలోనే ఉంటుంది, తర్వాతి బ్యాచ్ అక్కడినుంచి మొదలుపెడుతుంది. మన బడి తొమ్మిదో తరగతి పిల్లలు వాళ్లతో కలిసి తిరుగుతారు, రేపు వాళ్లే డిగ్రీ విద్యార్థులై వస్తారు. మూడోది, మనలో ఇంజనీర్లు, డాక్టర్లు, లాయర్లు, టీచర్లు చాలామంది ఉన్నారు. ఆ పిల్లలు అడిగినప్పుడు సలహా చెప్పేవాళ్ల జాబితా ఒకటి తయారు చేద్దాం. అందులో మొదటి పేరు నాది రాసుకోండి. ఐదేళ్ల పాటు ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంట నాది. శిలాఫలకం అక్కర్లేదు.

మా సోషల్ మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన కట్టించిన తొట్టి కూడా రోడ్డు వెడల్పులో పోయింది. ఆ సుద్దగీత మాత్రం నా కళ్లలో ఉంది. పిల్లల్ని పిలిచి, నిలబెట్టి, “మీకు ఎంత ఎత్తులో ఉంటే అందుతుంది?” అని అడిగిన ఆ మనిషికి ఏ విశ్వవిద్యాలయమూ ఈ కోర్సు నేర్పలేదు.

ఇక వెనక నిలబడ్డ నా చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక హోంవర్కు. రేపు పొద్దున నీళ్లు వదిలినప్పుడు మీ వీధి కొళాయి కింద ఒక బిందె పెట్టి, ఎంతసేపటికి నిండుతుందో చూసి రాయండి. తర్వాత, మీరు ఇంతవరకు వెళ్లని వీధి ఒకటి ఉంటుంది కదా, అక్కడికి వెళ్లి, ఆ ఇంటివాళ్లను అడిగి, అక్కడా కొలవండి. రెండు అంకెలూ మీ సారుకు చూపించండి. మిగతా పాఠం ఆ రెండు అంకెలే చెబుతాయి.